గీత కాదు, చుక్క చూడండి
(లారీ మెకానిక్‌ల శిక్షణ తరగతిలో ఒక సీనియర్ పంపు మెకానిక్ ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చేతులు కడుక్కోలేదని మొహమాటపడకండి, నావీ కడుక్కోలేదు. (నవ్వులు)

నన్ను సిలిండర్లలోకి డీజిల్ కొట్టే పంపుల మార్పిడి గురించి, ఆ పంపును ఇంజనుతో లెక్క తప్పకుండా తిప్పే టైమింగ్ గేర్ల గురించి మాట్లాడమన్నారు. ముందు ఒక బండి సంగతి చెబుతాను. సాలూరు నుంచి ఒక లారీ వచ్చింది. ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల కమిన్స్ ఇంజను. పంపు అరిగిపోతే ఓనరు పాత సామాన్ల దుకాణంలో ఇంకో పంపు కొన్నాడు. అదే ఇంజనుది, అదే సైజు, బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి, పైపులు సరిగ్గా కూర్చున్నాయి. స్టార్టు చేస్తే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఐడ్లింగు గడియారంలా ఉంది. డ్రైవరు సంతోషంగా తీసుకువెళ్లాడు. మూడో రోజు మళ్లీ వచ్చాడు. "గురువు గారూ, బండి లాగుతోంది కానీ పరుగెత్తడం లేదు. ప్రతి గేరులోనూ గొంతు పట్టుకున్నట్టు ఆగిపోతోంది" అన్నాడు. పొగ లేదు, మిస్సింగు లేదు, శబ్దంలో తేడా లేదు. ఇంజను చుట్లు కొలిచే టాకోమీటరు పెట్టి చూస్తే నిమిషానికి 1,500 చుట్లు దాటి కొంచెం పైకి వెళ్లి అక్కడే నిలబడుతోంది.

ఇక్కడ కూర్చున్నవారిలో జనరేటర్లు బాగుచేసేవాళ్లకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. 1,500 అంటే జనరేటరు వేగం. మన కరెంటు 50 హెర్ట్జ్. నాలుగు పోళ్ల ఆల్టర్నేటరు 1,500 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్ వస్తుంది. ఆ పంపు ఏదో ఆసుపత్రిలోనో అపార్టుమెంటులోనో జనరేటరు మీద పనిచేసి వచ్చింది. వేగాన్ని అదుపుచేసే దాని గవర్నరుకు నేర్పిన విద్య ఒక్కటే: ఎవరు ఏమన్నా 1,500 దాటనివ్వకూడదు. లారీ మీదకు వచ్చినా అది తన డ్యూటీ తాను నమ్మకంగా చేస్తోంది. తప్పు పంపుది కాదు, పంపు చూడకుండా బోల్టులు చూసి కొన్నవాళ్లది. దాన్ని బిగించిన మెకానిక్ తప్పు కూడా ఉంది. ఆ మెకానిక్ ఎవరో అడగకండి. ఆ రోజు షాపులో నేనొక్కడినే ఉన్నాను. (నవ్వులు)

అందుకే పంపు చేతికి రాగానే ముందు చూడవలసింది దాని మీది ప్లేటు. గ్రీజు తుడిచి చదవండి. ఒక్కో సిలిండరుకు ఒక్కో ప్లంజరు, అంటే డీజిల్‌ను నెట్టే కడ్డీ, వరుసగా ఉండే పాత బాష్ లైను పంపు మీద పీఈఎస్ 6ఏ 90డి 410ఆర్ఎస్ అని, తర్వాత ఇంకో నాలుగు అంకెలని ఉంటాయి. 6 అంటే ఆరు సిలిండర్లు. ఏ అంటే పంపు ఒళ్లు ఎంతటిదో చెప్పే అక్షరం. 90 అంటే ప్లంజరు వ్యాసం 9 మిల్లీమీటర్లు, పదో వంతుల్లో రాస్తారు. ఆర్ అంటే డ్రైవు వైపు నుంచి చూసినప్పుడు కుడివైపు తిరుగుతుందని. ఎల్ ఉంటే ఎడమకు. గవర్నరుకు వేరే ప్లేటు ఉంటుంది, దాని మీద వేగం అంకెలు ఉంటాయి. ఆ రోజు నేను ఆ రెండో ప్లేటు తుడిచి ఉంటే సాలూరు డ్రైవరు మూడు రోజులు ఘాట్ రోడ్డులో నన్ను తిట్టుకుని ఉండేవాడు కాదు.

ఆ కుడి ఎడమల సంగతి మీద ఒక సరదా లెక్క. మన టాటా 697 ఇంజను ఉంది కదా, పేరులోనే జాతకం ఉంది: 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం. దాని ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లలో మంట పుట్టే వరుస, 1-5-3-6-2-4. దాన్ని 1 దగ్గర మొదలుపెట్టి తిరగేసి చదవండి: 1-4-2-6-3-5. జపాన్ హినో కంపెనీ వంశపు ఇంజన్ల ఆర్డరు అదే! అంటే ఒకే పంపును వెనక్కి తిప్పితే ఆ ఆర్డరులో డీజిల్ కొడుతుంది. ఇది తెలిశాక కొందరికి బుర్రలో బల్బు వెలుగుతుంది: "అయితే తిప్పేస్తే సరిపోతుంది కదా" అని. సరిపోదు. పంపు లోపల ప్లంజరును పైకి నెట్టే క్యాముకు ఎక్కే వైపు ఒక వాలు, దిగే వైపు ఇంకో వాలు ఉండవచ్చు. వెనక్కి తిప్పితే ప్లంజరు పైకి లేచే వేగమే మారిపోతుంది. లెక్క కుదిరిందని ఇనుము ఒప్పుకోదు.

సరే, పంపు సరైనదే దొరికింది. ఇప్పుడు అది ఏం చేస్తుందో ఒక్కసారి మనసులో కట్టుకోండి. ఇంజను 2,400 తిరుగుతుంటే పంపు అందులో సగం, 1,200 తిరుగుతుంది. నిమిషానికి 1,200 అంటే ప్రతి సిలిండరుకూ సెకనుకు 20 సార్లు. ఆరింటికీ కలిపి సెకనుకు 120 సార్లు. ఫుల్ లోడులో ఒక్కో దెబ్బకు వెళ్లేది 70, 80 ఘన మిల్లీమీటర్లు, అంటే మన కళ్లకు డ్రాపరు నుంచి పడే చుక్క ఒకటిన్నర. ఆ వేగంలో క్రాంకు ఒక డిగ్రీ తిరగడానికి పట్టే సమయం సెకనులో 14,400వ వంతు. ఆ డిగ్రీల మీదే మన బతుకు. పిస్టను పైకి చేరడానికి పది డిగ్రీలు ముందు కొట్టవలసిన డీజిల్ ఐదు డిగ్రీల ముందు కొడితే పిస్టను అప్పటికే దిగుముఖం పట్టే తొందరలో ఉంటుంది. మంట దాని వెంట పరుగెత్తాలి. పొద్దున స్టార్టింగులో తెల్ల పొగ, ఎత్తు ఎక్కేటప్పుడు నల్ల పొగ, మానిఫోల్డు ఎర్రబడటం, బండిలో లాగుడు తగ్గడం, ఇవన్నీ ఆలస్యపు లక్షణాలు. మరీ ముందు కొడితే ఇంజను కటకటలాడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ చప్పుడు విని "భలే పికప్ వచ్చింది" అంటారు. నెల తిరక్కుండా హెడ్ గాస్కెట్టో పిస్టనో ఆ పికప్ ఖరీదు వసూలు చేస్తుంది.

ఇప్పుడు గేర్ల దగ్గరకు వద్దాం. క్రాంకు గేరు చిన్నది, క్యామ్ గేరుకు దానికి రెట్టింపు పళ్లు, పంపు గేరూ అలాంటిదే. మధ్యలో ఐడ్లర్ అనే మధ్యవర్తి గేరు ఉన్న ఇంజన్లు ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. పంపు గేరుకు 60 పళ్లు ఉన్నాయనుకోండి. ఒక పన్ను తప్పితే పంపు దగ్గర 6 డిగ్రీలు. క్రాంకు రెండింతలు తిరుగుతుంది కాబట్టి అక్కడ 12 డిగ్రీలు! ఒక్క పన్నుకు 12 డిగ్రీలు. ఇంజను స్టార్టవుతుంది కూడా. అదే అసలు ప్రమాదం. స్టార్టు కాకపోతే మనం వెతుకుతాం. స్టార్టయితే డబ్బులు తీసుకుని పంపించేస్తాం.

ఐడ్లర్ ఉన్న ఇంజన్లలో ఒక చిత్రం చూస్తారు. గేర్ల మీది గుర్తులు కలిపి బిగించి, అనుమానం వచ్చి రెండు చుట్లు తిప్పి చూస్తే గుర్తులు కలవవు. గుండె జారిపోతుంది. విప్పి మళ్లీ పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ఐడ్లర్ పళ్ల లెక్క మిగతా వాటితో సమంగా భాగం కాకపోతే అదే గుర్తు అదే చోటికి రావడానికి చాలా చుట్లు పడుతుంది. పళ్లు సమంగా అరగాలని కొన్నిచోట్ల కావాలనే అలా చేస్తారు. విప్పేముందు పళ్లు లెక్కపెట్టండి, మనశ్శాంతిగా ఉంటుంది.

గేర్లు మార్చేటప్పుడు ఒకటి కొత్తది, ఒకటి పాతది కలపకండి. అరిగిన పన్ను పక్కన కొత్త పన్ను పెడితే రెండూ త్వరగా పోతాయి. ఏటవాలు పళ్ల గేర్లలో జతగా తిరిగే రెండింటి వాలూ ఎదురెదురుగా ఉండాలి. రెండూ ఒకే వాలువి తెచ్చి, కూర్చోవడం లేదని సుత్తి వెతికినవాళ్లను చూశాను. క్యామ్ గేరు షాఫ్టు మీద బిగుతుగా కూర్చునేది, దాన్ని వేడి చేసి దించుతారు. వేడి అంటే ఓవెన్‌లోనో వేడి నూనెలోనో నిదానంగా. గ్యాసు కట్టరుతో నీలం రంగు తెప్పిస్తే పళ్ల గట్టిదనం పోయినట్టే. తర్వాత డయల్ గేజి పెట్టి పళ్ల మధ్య ఆట, అంటే వదులు, చూడాలి. కమిన్స్ బి సిరీస్ ఇంజన్లలో సుమారు 0.08 నుంచి 0.33 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. మీ ఇంజనుకు ఎంతో మీ మాన్యువల్ చెబుతుంది. చేత్తో కదిపి "బాగానే ఉంది" అనేది కొలత కాదు.

గేర్ హౌసింగు తెరిచినప్పుడు ఇంకొకటి. నాతో పని నేర్చుకున్న ఒకతని కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ పాత డాడ్జ్ పికప్ బండ్లంటే పిచ్చి, వాటిలో ఇదే 5.9 లీటర్ల కమిన్స్. ఆ ఇంజన్లలో గేర్ హౌసింగును దిమ్మకు సూటిగా నిలబెట్టే ఒక చిన్న డోవెల్ పిన్ను ఉంది. అదురుకు అది ఏళ్ల తరబడి మెల్లగా బయటికి జరిగి, ఒకరోజు గేర్ల మధ్య పడుతుంది. హౌసింగు పగులుతుంది, గేర్ల పళ్లు పోతాయి, ఒక్కోసారి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. చూపుడు వేలి గోరంత పిన్ను! అక్కడివాళ్లు దానికి ఏకంగా హంతక పిన్ను అని పేరు పెట్టి, అది జారకుండా ఒక చిన్న రేకును పక్క బోల్టు కింద పెట్టి బిగిస్తారు. మీరు ఎప్పుడు ఆ కవరు తీసినా, ఎందుకోసం తీసినా, ఆ పిన్నును వేలితో తడిమి చూడండి.

ఆ అబ్బాయి ఇంకో ముచ్చట చెప్పాడు. 1998 మధ్యలో ఆ బండ్లకు 24 వాల్వుల ఇంజను వచ్చింది, దాని మీద వీపీ 44 అనే ఎలక్ట్రానిక్ పంపు. ట్యాంకు నుంచి డీజిల్ అందించే చిన్న పంపు బలహీనపడితే ఈ పెద్ద పంపు ఎండిపోయి చచ్చిపోయేది, ఎందుకంటే దానికి చల్లదనమూ నూనె తడీ డీజిలే. విసిగిపోయినవాళ్లు దాన్ని తీసేసి, అంతకుముందు 1994 నుంచి 1998 దాకా వచ్చిన పీ 7100 లైను పంపును పెట్టుకోవడం మొదలుపెట్టారు. పంపు ఒక్కటి మార్చి ఊరుకుంటే కుదరదు. ముందున్న గేర్ హౌసింగు, దానికి తగిన గేర్లు పాత ఇంజనువి తేవాలి. పైపులు మారతాయి. లైను పంపుకు ఇంజను ఆయిలు అందాలి, అది తిరిగి హౌసింగులోకి కారే దారి ఉండాలి. ఆయిలు అందకుండా నడిపితే మన కొత్త పంపు ఎంత బలమైనదైనా ఎక్కువ దూరం రాదు. అక్కడ ఇది సరదా. ఇక్కడ చేయకండి. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు, ఫిట్‌నెస్ దగ్గర పొగ మాట్లాడుతుంది.

పీ 7100 మాట వచ్చింది కాబట్టి నా రెండో తప్పు కూడా చెప్పేస్తాను. ఆ పంపు షాఫ్టు చివర కోసుగా ఉంటుంది, గేరు ఆ కోసు మీద కూర్చుంటుంది. గేరును ఆపే కీ లేదు, గాడి లేదు. రెండు ఇనుప ముఖాల పట్టు ఒక్కటే దాన్ని నిలబెడుతుంది. అలాంటి పంపు ఒకటి బిగిస్తున్నప్పుడు, సులువుగా జారుతుందని కోసు మీద నాలుగు చుక్కల ఆయిలు రాశాను. చిన్నప్పటి నుంచి గురువు నేర్పిన అలవాటు, ఏది బిగించినా ఆయిలు రాయి అని. టైమింగ్ చక్కగా పెట్టాను. బండి నలభై కిలోమీటర్లు వెళ్లి దారిలో చచ్చిపోయింది. గేరు కోసు మీద జారి తిరిగిపోయింది, టైమింగ్ ఎక్కడికో పోయింది. ఇప్పుడు ఆ రెండు ముఖాలూ బ్రేకు క్లీనరుతో కడిగి, పొడిబట్టతో తుడిచి, మళ్లీ ఒకసారి కడిగి, పొడిగా పెడతాను. నట్టు టార్కు రెంచితో 195 న్యూటన్ మీటర్లు. చేతి బలంతో కాదు.

సరే, ఇప్పుడు నేను నిజంగా చెప్పడానికి వచ్చిన విషయం.

పంపును ఇంజనుకు బిగించే ఫ్లాంజి మీద ఒక గీత, ఇంజను మీద ఒక గీత. రెండూ కలిపితే టైమింగ్ అయిపోయిందని మనందరికీ నేర్పారు. ఆ గీత ఎవరు గీశారు? కంపెనీలో గీసి ఉంటే నమ్మవచ్చు. కానీ మీ ముందు ఆ ఇంజను మీద ముగ్గురు పనిచేసి ఉంటారు. ఒకరు ఉలితో కొత్త గీత కొట్టి ఉంటారు. ఒకరు పంపు కప్లింగు మార్చి ఉంటారు. పంపే వేరే ఇంజను నుంచి వచ్చి ఉంటుంది. ఒకే ఫ్లాంజి మీద నాలుగు గీతలున్న పంపు నా షాపులో ఇప్పటికీ ఉంది. వాటిలో ఏది నిజం? నాలుగూ ఎవరో ఒకరికి ఒకరోజు నిజమే. అందుకే నేను గీతను సాక్షిగా పిలుస్తాను కానీ, తీర్పు చుక్కతో చెప్పిస్తాను.

ఆ పద్ధతి ఇది. ఇందాక ప్లేటు మీద చెప్పిన 'ఏ' అక్షరం సైజు లైను పంపుకు చెబుతున్నాను. ముందు ఒకటో సిలిండరు కంప్రెషన్‌లో ఉండాలి. పిస్టను పైకి వచ్చేది రెండు చుట్లలో రెండుసార్లు, అందులో ఒకటే మనకు కావాలి. ఆరో సిలిండరు వాల్వులను నొక్కే రాకర్లు చూడండి. ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ రెండూ ఊగుతున్నాయంటే ఒకటో సిలిండరు కంప్రెషన్‌లో ఉన్నట్టు. ఇది తప్పితే బండి ఎంత సెల్ఫ్ కొట్టినా తెల్ల పొగ వదులుతుందే తప్ప అందుకోదు, మీరు గాలి తీస్తూ కూర్చుంటారు.

తర్వాత పంపు ఒకటో లైను మీది డెలివరీ వాల్వు హోల్డరు విప్పి, లోపలి వాల్వును, స్ప్రింగును తీసి శుభ్రమైన పళ్లెంలో పెట్టండి. హోల్డరు మళ్లీ బిగించి, దానికి మెడ వంచిన చిన్న పైపు పెట్టండి. స్టాపు లివరు లాగి ఉండకూడదు, డీజిల్ ఎంత వెళ్లాలో మార్చే ర్యాకు డెలివరీ వైపు ఉండాలి. ఇది మరచిపోయి గంటలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇప్పుడు హ్యాండ్ పంపు కొడితే, లేదా పైన డబ్బా కట్టి వదిలితే, వంచిన పైపులోంచి డీజిల్ ధారగా కారుతుంది. ఎందుకంటే ప్లంజరు కిందనుంది, అది కదిలే గొట్టం, అంటే బ్యారెలు, పక్కనున్న రంధ్రం తెరిచి ఉంది. క్రాంకును తిరిగే వైపే నిదానంగా తిప్పండి. ప్లంజరు లేస్తుంది, రంధ్రం మూసుకుంటూ వస్తుంది. ధార సన్నబడుతుంది. దారంలా అవుతుంది. తెగి చుక్కలవుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య పది, పదిహేను సెకన్లు పట్టేదాకా రండి. ఆగండి. అదే డీజిల్ కొట్టడం మొదలయ్యే క్షణం. ఇప్పుడు ఫ్లైవీలు మీద డిగ్రీ చదవండి. అది మాన్యువల్ అంకెతో కలిస్తే పంపు గీతలు ఎక్కడున్నా మీకు అనవసరం.

ఒక డిగ్రీ దాటిపోయిందనుకోండి. చాలామంది ఆ డిగ్రీ మాత్రం వెనక్కి తిప్పుతారు. అలా చేయకండి. గేర్లలో ఆట ఉంది కదా, వెనక్కి తిప్పినప్పుడు క్రాంకు కదులుతుంది, పంపు కదలదు. కనీసం పావు చుట్టు వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వస్తూ ఆగాలి.

ఈ మొత్తానికి అలవాటైనవాడికి అరగంట. టీ తాగే సమయం. తర్వాత వాల్వు, స్ప్రింగు తిరిగి పెట్టడం మాత్రం మరచిపోకండి. మరచిపోయినవాడు ఎవరని అడగకండి. (నవ్వులు)

ప్రశ్నలున్నాయా? అడగండి బాబూ.

(సభ నుంచి ప్రశ్న: టైమింగ్ సరిగ్గానే ఉంది, పంపును బెంచి మీద పెట్టి కొలిచి సరిచేసే కాలిబ్రేషన్ ఎందుకు చేయించాలి సార్, ఖర్చు దండగ అంటున్నారు ఓనర్లు.)

టైమింగ్ మనం ఒకటో లైనుకు పెట్టాం. మిగతా ఐదూ దాని వెనక సరిగ్గా 60 డిగ్రీలకు ఒకటి చొప్పున కొట్టాలి, అటూ ఇటూ అర డిగ్రీ కన్నా తేడా రాకూడదు. ఆ తేడా బెంచి మీదే తెలుస్తుంది. ఆరు లైన్లూ సమానంగా పోస్తున్నాయా అనేదీ అక్కడే తెలుస్తుంది. బెంచిలో కాలిబ్రేషన్ ఆయిలే వాడుతున్నారా, దాన్ని 40 డిగ్రీల దగ్గర ఉంచారా అని అడగండి. అడిగితే వాళ్లకు కోపం రావచ్చు, కానీ పని బాగా చేస్తారు. ఇంకొకటి, ప్లంజరూ బ్యారెలూ జతగా పుట్టినవి. వాటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70. ఈ లైను ప్లంజరు ఆ బ్యారెలులో పెట్టే పంపు షాపుకు వెళ్లకండి.

(ప్రశ్న: కిరోసిన్ కలిపితే పంపుకు ఏమవుతుంది?)

డీజిలు మండటానికి మాత్రమే అనుకుంటున్నాం. ఒకే ప్లంజరు తిరుగుతూ అన్ని సిలిండర్లకూ పంచే వీఈ లాంటి రోటరీ పంపులకు లోపలి ఆయిలు కూడా అదే. కిరోసిన్ పలుచన, ఆ జారుడు తక్కువ. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా వస్తున్న బీఎస్ 6 డీజిలులో గంధకం 10 పీపీఎమ్‌కు, అంటే పది లక్షల వంతుల్లో పదికి, తగ్గించారు. గంధకం తీసే క్రమంలో డీజిలు తన జారుడు కొంత కోల్పోతుంది, ఆ లోటు తీర్చడానికి మందు కలుపుతారు. దాంట్లో మనం కిరోసిన్ కలిపితే ఆ మందునూ పలచన చేసినట్టే. లీటరు మీద మిగిలిన రూపాయలు పంపు షాపులో దిగుతాయి. నాకు వ్యాపారమే, అయినా చెబుతున్నాను.

(ప్రశ్న: అన్నీ కామన్ రైల్ అయిపోతున్నాయి. ఇవన్నీ నేర్చుకుని ఏం చేయాలి?)

కామన్ రైల్‌లో పంపు ఒత్తిడి తయారుచేస్తుంది, ఎప్పుడు కొట్టాలో కంప్యూటరు చెబుతుంది. నిజమే. కానీ ఆ కంప్యూటరుకు క్రాంకు ఎక్కడుందో, క్యామ్ ఎక్కడుందో చెప్పేది సెన్సర్లు. అవి చదివేది తిరిగే చక్రాల మీది పళ్లనే. గేర్లు ఒక పన్ను తప్పించి బిగిస్తే ఆ ఇంజనూ మాట వినదు. తేడా అల్లా, అది స్క్రీను మీద తిడుతుంది. ఇక పాత బండ్లంటారా, రేపు పొద్దున నా షాపు ముందు నిలబడండి, ఎన్ని 697లు వస్తాయో లెక్కపెట్టండి.

చాలు, నా గొంతు కూడా ఎండింది. ఆ బల్ల మీద గోనె పట్టా కింద రెండు పంపులున్నాయి. ఒకటి లారీది, ఒకటి జనరేటరుది. ప్లేట్లు నేనే పీకేశాను. గవర్నరు కవరు విప్పవచ్చు, లివర్లు కదపవచ్చు, స్ప్రింగులు కొలవవచ్చు. ఏది ఏదో, ఎందుకో చెప్పినవారికి టీ నా ఖర్చు. తప్పు చెప్పినవారు నాకు ఇప్పించాలి.

(నవ్వులు, చప్పట్లు)